ఇక్కడ లీగలే, ఎస్‌ఎఫ్-86లో కాదు

మేరీల్యాండ్‌లో 2023 జూలై 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లెవరైనా దుకాణానికి వెళ్లి, ఐడీ చూపించి గంజాయి కొనుక్కోవచ్చు. పన్ను వేసి బిల్లిచ్చి, సంచిలో పెట్టి మరీ చేతికిస్తారు. నది దాటితే వర్జీనియా. అక్కడ 2021 జూలై నుంచి పెద్దవాళ్లు కొద్ది మొత్తం దగ్గర పెట్టుకుంటే నేరం కాదు. మధ్యలో ఉన్న వాషింగ్టన్ డీసీలోనూ దాదాపు అదే సంగతి. ఫెడరల్ కాంట్రాక్టుల మీద నడిచే ఊళ్లు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ, కొలంబియా. మనవాళ్లు దండిగా ఉన్న ఊళ్లు కూడా ఇవే. "ఇక్కడ లీగలే కదా" అనుకుని శనివారం రాత్రి ఒక గంజాయి గమ్మీ తిన్న కుర్రాడికి ఆర్నెల్లకు కాంట్రాక్టు కంపెనీలో ఆఫర్ వస్తుంది, దాని వెనకే ఎస్‌ఎఫ్-86 ఫారం వస్తుంది, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతికి (సెక్యూరిటీ క్లియరెన్స్‌కు) నింపే ఫారం. గుండె దడ అప్పుడు మొదలవుతుంది.

ఆ దడలో సగం అనవసరం. మిగతా సగం మాత్రం చాలా అవసరం. ఏది ఏదో తెలియకపోవడం వల్లే ఇల్లు తగలబడుతుంది.

ముందు చట్టం సంగతి. 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ గంజాయిని హెరాయిన్ పక్కన షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో పెట్టింది. రాష్ట్రాలు ఏం చేసుకున్నా ఫెడరల్ ఉద్యోగాలకు లెక్క ఆ చట్టమే. ఎస్‌ఎఫ్-86లో మత్తుపదార్థాల గురించి అడిగే 23వ సెక్షన్ మొదట్లోనే ఆ మాట రాసి ఉంటుంది: రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా సరే, ఫెడరల్ చట్టం ప్రకారమే జవాబివ్వాలి. గంజాయిని షెడ్యూల్ 3కి మార్చాలని న్యాయశాఖ 2024 మేలో ప్రతిపాదించినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో పండగ చేసుకున్నారు. కానీ షెడ్యూల్ 3లో ఉన్న మందును కూడా ప్రిస్క్రిప్షన్ లేకుండా వాడటం చట్టవిరుద్ధమే. షెడ్యూల్ నంబరు మారినంత మాత్రాన దుకాణంలో కొన్న గమ్మీ క్లియరెన్స్ ఫైల్లో మాయమైపోదు.

దీనికి తోడు 2008 నుంచి బాండ్ సవరణ అనే ఫెడరల్ చట్టం ఉంది. ప్రస్తుతం చట్టవిరుద్ధంగా మత్తుపదార్థం వాడుతున్నవాడికి, దానికి బానిసైనవాడికి ఏ ఏజెన్సీ అధిపతీ క్లియరెన్స్ ఇవ్వకూడదు, ఉన్నదాన్ని కొనసాగించకూడదు. "ప్రస్తుతం" అన్న మాటను పట్టుకోండి. నాలుగేళ్ల కింద మానేసినవాడి గురించి కాదు ఇది. "నెలకోసారి, అంతే" అనే వాడి గురించి. పాత వాడకానికి మన్నింపు దొరుకుతుంది, నడుస్తున్న వాడకానికి దారే లేదు.

ఇక ఫారం. ఎస్‌ఎఫ్-86 వంద పేజీలు దాటిన ఫారం. ఇప్పుడు ఈ-యాప్ అనే వెబ్‌సైట్లో నింపుతారు, 2019 అక్టోబరు నుంచి ఈ విచారణలు చూస్తున్న డీసీఎస్‌ఏ దగ్గరికి వెళ్తుంది. 23వ సెక్షన్‌లో ప్రశ్నలు రెండు రకాలు, ఆ తేడా గమనించకుండా చాలామంది దెబ్బతింటారు. గత ఏడేళ్లలో వాడారా, కొన్నారా, అమ్మారా, పెంచారా అన్నవి ఒక రకం. రెండో రకానికి కాలపరిమితి లేదు, పుట్టినప్పటి నుంచి లెక్కే. క్లియరెన్స్ చేతిలో ఉండగా ఎప్పుడైనా వాడారా? పోలీసుగానో, జనం ప్రాణాలకు బాధ్యత ఉన్న ఉద్యోగంలోనో ఉండగా వాడారా? మత్తు అలవాటు వల్ల కౌన్సెలింగ్‌కో చికిత్సకో వెళ్లమని మీకెవరైనా చెప్పారా, మీ అంతట మీరే వెళ్లారా? తొమ్మిదేళ్ల కింద కాలేజీలో రెండు దమ్ములు లాగిన సంగతి ఏడేళ్ల ప్రశ్నలోకి రాదు. అప్పుడు యూనివర్సిటీ పట్టుకుని కౌన్సెలింగ్‌కు పంపి ఉంటే మాత్రం రెండో రకంలోకి వస్తుంది.

"వాడటం" అంటే ఏమిటో కూడా ఫారమే చెబుతుంది: పీల్చడం, మింగడం, ఎక్కించుకోవడం, ఊరికే రుచి చూడటం, అన్నీ. "ఒక్క దమ్మే, అదీ లోపలికి పీల్చలేదు" అనే వాదన ఈ సెక్షన్‌లో చెల్లదు. ఒక్క దమ్మైనా "అవును" అని రాసి, ఒక్క దమ్మే అని కింద వివరించాలి. నలుగురూ కలిసి తెప్పించుకున్నప్పుడు మీ వాటాగా వెన్మో యాప్‌లో ఇరవై డాలర్లు పంపారా? అది కొనుగోలు. వాడకం ప్రశ్నకు "అవును" అని, కొనుగోలు ప్రశ్నకు "కాదు" అని టిక్కు పెట్టి ఇంటర్వ్యూలో వాటా సంగతి బయటపెట్టేవాళ్లు ఉంటారు. చిన్న పొరపాటే, కానీ దాచినట్టు కనిపిస్తుంది.

"అవును" అనగానే ఒక్కో పదార్థానికి వరస వివరాలు అడుగుతుంది: ఏ పదార్థం, మొదటిసారి ఏ నెల ఏ సంవత్సరం, చివరిసారి ఎప్పుడు, ఎంత తరచుగా, ఇకముందు వాడే ఉద్దేశం ఉందా, ఎందుకు. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే అంచనా అని టిక్కు పెట్టే గడి ఉంటుంది, వాడుకోండి. వివరణ గడిలో రాసేది ఇంగ్లీషులోనే అనుకోండి, సారాంశం ఇలా ఉంటే సరిపోతుంది: "2021 ఆగస్టు నుంచి 2023 మే వరకు, యూనివర్సిటీలో ఉన్నప్పుడు, వారాంతపు పార్టీల్లో మొత్తం సుమారు 8 నుంచి 10 సార్లు. రెండుసార్లు ఖర్చులో వాటా ఇచ్చాను, మిగతావి స్నేహితులు ఇచ్చినవి. ఎవరికీ అమ్మలేదు. డిగ్రీ అయ్యాక మానేశాను. ఆ బృందంతో ఇప్పుడు కలవడం లేదు. ఇకపై వాడే ఉద్దేశం లేదు."

ఇందులో పనికొచ్చేవి అంకెలు. "అప్పుడప్పుడు", "కొన్నిసార్లు" అని రాస్తే చదివేవాడు ఎక్కువే అనుకుంటాడు. తక్కువ చేసి రాస్తే ఇంటర్వ్యూలో అంకె పెరుగుతుంది, పెరిగిన ప్రతి అంకెకూ సంజాయిషీ కావాలి. అందుకే జ్ఞాపకం చెప్పే సంఖ్యల్లో పైదే రాయడం మంచిది. భవిష్యత్తు ఉద్దేశం గడిలో "ఫెడరల్ చట్టం మారితే చూస్తాను" అంటూ తెలివి చూపించేవాళ్లున్నారు. నిజాయితీగానే అన్నా, మానేస్తానని గట్టిగా చెప్పకపోవడమే ఒక అభ్యంతరమని క్లియరెన్సులు తేల్చే నియమావళిలో ఉంది. నిజంగా మానే ఉద్దేశం లేకపోతే ఫారం నింపకండి, ఆ ఉద్యోగం మీది కాదు.

ఈ సెక్షన్‌లో మీరు నిజం రాస్తే దాన్ని తర్వాత మీ మీద క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడరని ఫారంలోనే హామీ ఉంది. క్లియరెన్స్ నిర్ణయానికి మాత్రం వాడతారు, అడిగేదే అందుకు.

గంజాయి దగ్గరే ఆగిపోయి మందుల సంగతి మర్చిపోవడం మనవాళ్లలో ఎక్కువ. పరీక్షల వారంలో రూమ్మేట్ ఇచ్చిన యాడరాల్ బిళ్ల షెడ్యూల్ 2 మందు. దాన్ని తోటివాడి సీసాలోంచి తీసి వేసుకోవడం ప్రిస్క్రిప్షన్ మందు దుర్వినియోగం, గత ఏడేళ్లలో అయితే రాయాల్సిందే. అలాగే ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చే మందుల సంచి. నడుంనొప్పికి నాన్న వాడే అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ ఉంటుంది. అమెరికాలో అది 2014 నుంచి షెడ్యూల్ 4. విమానంలో నిద్ర పట్టడానికి అమ్మ ఇచ్చిన ఆల్ప్రాక్స్ బిళ్ల కూడా షెడ్యూల్ 4. కోడీన్ ఉన్న దగ్గు మందుకూ లెక్క ఉంది. మీ పేరు మీద అక్కడి డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంటే దాచిపెట్టుకోండి. చీటీ వేరేవాళ్లదైతే, ఆ బిళ్ల మీ చేతికి ఎలా వచ్చిందో ఎందుకు వేసుకున్నారో నాలుగు ముక్కల్లో రాయండి. కాలు బెణికి ఒకసారి వేసుకున్న బిళ్ల వల్ల కొంప మునగదు. నొప్పి తగ్గాక కూడా సరదాకి వేసుకున్నది వేరే కథ.

హోలీకి ఉత్తరాదిలో తాగిన భంగు సంగతి కూడా అడుగుతుంటారు. మన దేశపు 1985 నాటి మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ ఇచ్చిన గంజాయి నిర్వచనంలోకి పూత, కాయ భాగాలు వస్తాయి, విడి ఆకులు రావు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో భంగు కొట్లు నడుస్తాయి. ఎస్‌ఎఫ్-86 చూసేది అమెరికా చట్టం వైపు నుంచి. ఏడేళ్ల లోపు తాగి ఉంటే, ఫలానా ఊళ్లో పండక్కి ఒక గ్లాసు, అక్కడ లైసెన్సు కొట్టులో అమ్మేది అని రాసేయడం నా లెక్కలో క్షేమం. చదివేవాడికి పది సెకన్ల పని. రాయకుండా తర్వాత బయటపడితే పది నెలల పని.

గసగసాల సంగతి కాస్త నవ్వులాటగా ఉంటుంది గానీ నిజం. గింజలో మత్తు లేకపోయినా, కాయ పాలు అంటుకుని పరీక్షలో మార్ఫిన్, కోడీన్ చూపించవచ్చు. ఈ గొడవ వల్లే ఫెడరల్ ఉద్యోగుల మూత్ర పరీక్షల్లో ఓపియేట్ల (నల్లమందు జాతి మందుల) హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కి పెంచారు. అయినా 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణశాఖ గసగసాలు తినొద్దని తన సైనికులను హెచ్చరించింది. గసగసాలు నూరి వేసిన కోడికూర నేరమేమీ కాదు, ఫారంలో రాయక్కర్లేదు. పరీక్ష ఉందని తెలిస్తే ఆ నాలుగు రోజులూ గసగసాల కూర, పాయసం పక్కన పెట్టండి, అంతే.

గంజాయి జాతి మొక్క నుంచే తీసే, మత్తెక్కించని సీబీడీ నూనెలు, గమ్మీలు ఇంకా జారుడు నేల. 2018 ఫార్మ్ బిల్లు, మత్తెక్కించే డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం దాటని మొక్కను హెంప్ అని పిలిచి గంజాయి లెక్కలోంచి తీసేసింది. కానీ సీసా మీద ఏం రాశారో లోపల అదే ఉందని మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ధ్రువీకరించదు. పరీక్షలో టీహెచ్‌సీ వస్తే "సీబీడీయే వాడాను" అన్న మాటను నిరూపించాల్సింది మీరే. అప్పటి నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఎవ్రిల్ హేన్స్ 2021 డిసెంబరులో అన్ని ఏజెన్సీలకూ పంపిన మెమోలో ఈ సంగతి ఉంది. గంజాయి కంపెనీల షేర్లు తెలిసి నేరుగా కొనడం కూడా ప్రశ్న కిందికి వస్తుందని అదే మెమో చెప్పింది. మ్యూచువల్ ఫండ్‌లో తెలియకుండా కలిసి ఉంటే బెంగ లేదు.

ఆ మెమోలో అందరూ చదవాల్సిన వాక్యం మరొకటి ఉంది. పాత గంజాయి వాడకం పరిశీలనకు వస్తుంది గానీ అదొక్కటే నిర్ణయం తేల్చేయదు అన్నది. దాని పక్కనే ఇంకో మాట: విచారణ మొదలైందంటే, అంటే ఎస్‌ఎఫ్-86 కింద సంతకం పెట్టిన క్షణం నుంచి, ఇక ముట్టొద్దని అభ్యర్థులకు చెప్పండి అని. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి ఇరుసు ఆ సంతకమే. సంతకానికి ముందు పదిసార్లు వాడినవాడు గట్టెక్కుతాడు. సంతకం తర్వాత ఒక పెళ్లి పార్టీలో ఒక్కసారి వాడినవాడు చిక్కుకుంటాడు. మొదటివాడిది కుర్రతనం అనుకోవచ్చు. రెండోవాడు నియమం తెలిసి, కాగితం మీద మాటిచ్చి, దాటాడు. రహస్యాలు దాచే ఉద్యోగంలో కూడా ఇంతేనా అని అడుగుతారు, ఆ ప్రశ్నకు మంచి జవాబు ఉండదు. క్లియరెన్స్ వచ్చాక వాడినవాడి పరిస్థితి ఇంకా అధ్వానం.

నియమావళి పేరు ఎస్‌ఈఏడీ-4, 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉంది. ఏ నుంచి ఎం దాకా పదమూడు గైడ్‌లైన్లు. మత్తుపదార్థాలది హెచ్. సీక్రెట్‌కైనా టాప్ సీక్రెట్‌కైనా ఇదే. గుంటూరులో ఉన్న అమ్మానాన్నల సంగతి విదేశీ సంబంధాలు చూసే గైడ్‌లైన్ బి చూసుకుంటుంది, అది ఇంకో టపాకి సరిపడా సరుకు.

గైడ్‌లైన్ హెచ్‌లో "ఇన్ని నెలలు మానితే చాలు" అన్న అంకె ఎక్కడా లేదు. ఏడాది అని ఒకరు, మూడేళ్లని ఇంకొకరు చెప్పేవన్నీ వేరే చోటి నుంచి ఎగిరొచ్చినవి. ఎఫ్‌బీఐకి దరఖాస్తు పెట్టే తేదీకి ముందు ఏడాది పాటు గంజాయి, పదేళ్ల పాటు మిగతా మత్తులు వాడి ఉండకూడదన్నది ఆ సంస్థ ఉద్యోగ నియమం, అందరి క్లియరెన్స్‌కూ అది కొలత కాదు. నిర్ణయించేవాళ్లు చూసేది వేరు: ఎంత కాలమైంది, ఎన్నిసార్లు, ఎలాంటి పరిస్థితిలో, మళ్లీ జరిగే అవకాశం ఎంత. మానేసిన కాలం వాడిన కాలంతో పోల్చితే ఎంత ఉందన్నది ఇక్కడ పెద్ద సంగతి. ఆరేళ్లు వారానికి మూడుసార్లు తాగి, ఆఫర్ లెటర్ వచ్చిన రోజు మానేసి, నాలుగు నెలల తర్వాత "మానేశాను" అంటే నమ్మడం కష్టం. కొకైన్, ఎండీఎంఏ లాంటివాటికి గంజాయి కంటే ఎక్కువ దూరం కావాలి.

మానేశానని చూపించడానికి నియమావళే మూడు దారులు చెబుతుంది: వాడే స్నేహితులకు దూరం కావడం, వాడిన వాతావరణానికి దూరం కావడం, ఇకపై ముట్టనని, ముడితే క్లియరెన్స్ రద్దుకు అదే కారణం కావచ్చని ఒప్పుకుంటూ సంతకం చేసిన వాంగ్మూలం. మూడోది అరపేజీ కాగితం, చాలామంది ఇవ్వనే ఇవ్వరు. మొదటిది తేలిగ్గా కనిపిస్తుంది గానీ, అదే ఇంట్లో ఉంటున్న రూమ్మేటో జీవిత భాగస్వామో వాడుతుంటే దాని మీద ప్రశ్నలు తప్పవు. అలవాటు ముదిరి చికిత్స దాకా వెళ్లినవాళ్లకు కార్యక్రమం పూర్తి చేసినట్టు, మళ్లీ మొదలుపెట్టనట్టు, అర్హత ఉన్న వైద్యుడు రాసిన మంచి అంచనా కావాలి. చికిత్సను మధ్యలో వదిలేయడం విడిగా ఒక అభ్యంతరం.

ఇప్పుడు అబద్ధం సంగతి. పరువు పోతుందని, నాన్నకు తెలుస్తుందని, కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు చూస్తాడని "కాదు" అని టిక్కు పెట్టేవాళ్లు తక్కువేం కాదు. ఆ ఆఫీసరు ఫారంలో ఖాళీలు లేవని మాత్రమే చూడాలి, అందులోని వివరాలను వేరే పనికి వాడకూడదని నియమం. నాన్నకు ఎవరూ ఉత్తరం రాయరు. అబద్ధం మాత్రం మనిషి ప్రవర్తనను చూసే గైడ్‌లైన్-ఈ (E) కిందికి వెళ్తుంది, ఫెడరల్ చట్టం 18వ టైటిల్ 1001 కింద ఐదేళ్ల దాకా శిక్ష పడే నేరం కూడా. కాలంతో గంజాయి వాసన పోతుంది, అబద్ధం వాసన అంత త్వరగా పోదు. విచారణాధికారి మీ పాత రూమ్మేటుతో, మీరే పేర్లిచ్చిన పరిచయస్తులతో మాట్లాడతాడు, మీరు ఫారంలో చెప్పిన కథ వాళ్లకు తెలియదు. కొన్ని ఏజెన్సీల్లో అబద్ధాలు పట్టే పాలీగ్రాఫ్ పరీక్ష కూడా ఉంటుంది. ఇప్పటికే తప్పు రాసేసి ఉంటే, వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే ముందుగా సరిచేయండి. అలా చేసినదానికి గైడ్‌లైన్-ఈ (E) లోనే మన్నింపు ఉంది. నిలదీశాక ఒప్పుకుంటే ఆ వెసులుబాటు పోతుంది.

పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు మాత్రమే ఉన్న గుంట ఒకటి ఉంది. పౌరసత్వానికి పెట్టే ఎన్-400 ఫారంలో, అరెస్టు కాకపోయినా ఏదైనా నేరం చేశారా అన్న ప్రశ్న ఉంటుంది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వాడకం సత్ప్రవర్తన లెక్కకు అడ్డమని పౌరసత్వ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. గ్రీన్ కార్డు మీద ఉండగా వాడి, ఎన్-400లో "లేదు" అని, రెండేళ్ల తర్వాత ఎస్‌ఎఫ్-86లో అదే కాలానికి "అవును" అని రాస్తే, రెండు ఫారాలూ ఒకే ప్రభుత్వం దగ్గర ఒకదాన్నొకటి తిట్టుకుంటూ కూర్చుంటాయి. ఇలాంటి వాళ్లు సంతకానికి ముందు ఇమిగ్రేషన్, క్లియరెన్స్ రెండూ తెలిసిన లాయరును కలవాలి. ఇంటర్నెట్ సలహా, ఈ టపాతో సహా, ఇక్కడ చాలదు.

క్లియరెన్స్ వచ్చాక ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి తిరగదోడే పాత పద్ధతి పోయి, ఇప్పుడు రికార్డులను నిరంతరం యంత్రాలు చూస్తుంటాయి. మత్తులో కారు నడిపి అరెస్టయితే మీరు చెప్పేలోపే అక్కడ కనపడే అవకాశం ఉంది, కాబట్టి ముందు మీరే చెప్పండి.

అభ్యంతరం ఉంటే స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అనే కాగితం వస్తుంది. కాంట్రాక్టర్లకు జవాబు గడువు 20 రోజులు. ప్రతి ఆరోపణకూ విడిగా ఒప్పుకుంటున్నా, ఒప్పుకోవడం లేదు అని రాయాలి. గంపగుత్తగా ఒక క్షమాపణ ఉత్తరం పంపితే పనికిరాదు. కాగితాల మీద నిర్ణయమా, జడ్జి ముందు విచారణా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. విచారణ అడగడమే నయం అంటాను. మారిన మనిషి నోటితో చెబితే నమ్మే వీలుంది, కాగితం మీద అందరూ ఒకేలా మారిపోయి ఉంటారు. సంతకం చేసిన వాంగ్మూలం, కొన్ని నెలల పరీక్షల ఫలితాలు, ఉంటే నిపుణుడి మదింపు, మీ గంజాయి సంగతి తెలిసే మీ గురించి మంచి రాసిన పైఅధికారి ఉత్తరం తీసుకెళ్లండి. సంగతి తెలియకుండా రాసిన ఉత్తరానికి బరువుండదు. అక్కడ ఇవ్వని కాగితాన్ని అప్పీలులో ఇస్తానంటే కుదరదు, అప్పీల్ బోర్డు కొత్త సాక్ష్యం తీసుకోదు. ఓడితే మళ్లీ అడగడానికి ఏడాది ఆగాలి, ఆ ఏడాదిలో ఒక్క గమ్మీ కూడా నోట్లోకి పోకూడదు.